ఊపిరి లేని ప్రతిధ్వని

డిలే పెడల్ అంటే కాలితో నొక్కే చిన్న ఇనుప డబ్బా. వాయిద్యం నుంచి వచ్చిన శబ్దాన్ని కాసేపు తన దగ్గర ఉంచుకుని, కొంచెం ఆలస్యంగా మళ్లీ వినిపిస్తుంది. ముఖ్యంగా గిటారు వాళ్ల కోసం తయారైన వస్తువు. మౌతార్గాన్‌ని మైకుతో కలిపి గుప్పిట్లో పట్టుకుని, ఆంప్లిఫయర్‌లోకి పంపి వాయించేవాళ్లం కూడా కొందరం ఉన్నాం. మాకూ ఇది కావాలి. దీని మీద వ్యాసం దేనికి, ఏదో ఒకటి కొనుక్కుంటే పోలా అంటారా? కొనుక్కోవచ్చు. కానీ "ఫలానాదే ఎందుకు కొన్నావు?" అని ఎవరైనా అడిగితే మేం చెప్పే కారణాలున్నాయే, అవి నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్నాయి. వాటిలో సగం అబద్ధాలు. మిగతా సగంలో మాత్రం సంగీతాన్ని దాటి పోయే ప్రశ్న ఒకటి ఉంది.

పెడళ్లలో రెండు రకాలు. డిజిటల్ డిలే శబ్దాన్ని అంకెలుగా మార్చి దాచుకుంటుంది. ఎప్పుడు అడిగినా ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగిస్తుంది. అనలాగ్ డిలేకి అంత శక్తి లేదు. బాస్ కంపెనీ 1981లో తెచ్చిన డీఎం-2 ఈ జాతిలో బాగా పేరున్న పెడల్. అది శబ్దాన్ని పట్టి ఉంచగలిగేది మహా అయితే 300 మిల్లీసెకండ్లు, అంటే సెకనులో మూడో వంతు కూడా కాదు. తిరిగిచ్చేటప్పుడు శబ్దం మసకబారి వస్తుంది. రెండోసారి తిరిగొచ్చినప్పుడు ఇంకొంచెం మసక, మూడోసారి మరికొంచెం. ఏ కొలతతో చూసినా తక్కువ పని చేసే యంత్రమే. అయినా ఇవాళ పాత డీఎం-2 కావాలంటే కొత్త డిజిటల్ పెడల్ కన్నా ఎక్కువ డబ్బులు పెట్టాలి. అదే కంపెనీ తన డిజిటల్ పెడళ్లలో 'అనలాగ్' అని ఒక మోడ్ కూడా పెట్టి అమ్ముతోంది. బాగా గుర్తుపెట్టుకోగల యంత్రానికి ట్యూషన్ పెట్టి మరీ మరిచిపోవడం నేర్పించారన్నమాట.

ఆఫీసులో నా పక్క సీటు స్నేహితుడు సరదాకి ఆడియో ప్లగిన్లు రాస్తుంటాడు. ఈ విషయం ఎత్తితే చాలు, నవ్వుతాడు. "ఒరే, ఒక ఫిల్టరు, కాస్త నాయిజు, చిటికెడు డిస్టార్షను. సాయంత్రానికి రాసిచ్చేస్తా. దానికి అంత డబ్బు తగలేస్తావా?" వాడి ప్రశ్నలో డబ్బు సంగతి తీసేసినా ప్రశ్న అలాగే ఉంటుంది. తక్కువదని తెలిసీ తక్కువదాన్నే కోరుకోవడం ఏమిటి? దాన్ని అభిరుచి అనాలా, వేషం అనాలా?

మామూలుగా మేం చెప్పే మొదటి కారణం: అనలాగ్ సహజమైనది, ధారలా వస్తుంది, డిజిటల్ శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా నరుకుతుంది. వినడానికి బాగుంటుంది. కాకపోతే నిజం కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే డబ్బా మూత తీయాలి.

లోపల ఉండే చిప్పు పేరు బకెట్ బ్రిగేడ్. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు కనిపెట్టారు. పేరు దాని పనిని చక్కగా చెబుతుంది. పల్లెలో గడ్డివాము అంటుకుంటే బావి దగ్గర్నుంచి వాము దాకా జనం వరసగా నిలబడి బిందెలు చేతులు మారుస్తారు చూడండి, అదే పద్ధతి. ఇక్కడ మనుషుల స్థానంలో కెపాసిటర్లు, నీళ్ల స్థానంలో విద్యుదావేశం. ఎవరో పక్కన నిలబడి తాళం వేస్తున్నట్టు క్లాక్ కొట్టుకుంటూ ఉంటుంది. కొట్టినప్పుడల్లా ఒకరి చేతిలోది పక్కవాళ్ల చేతిలోకి పోతుంది. ఆ కాలంలో పేరుమోసిన మత్సుషిత వారి ఎం.ఎన్. 3005 చిప్పులో ఇలాంటి అంచెలు 4096. మొదటి అంచెలో పోసిన నీళ్లు చివరి అంచెకు చేరడానికి పట్టే సమయమే మనకు వినిపించే ఆలస్యం. దారిలో ప్రతి చేతి దగ్గరా కాస్త ఒలుకుతుంది.

కాలవలో పారినట్టు నీళ్లు రావడం లేదని ఇక్కడ గమనించాలి. బిందెల్లో వస్తున్నాయి. కాలాన్ని ముక్కలు చేయడం డిజిటల్ చేసే పనే, ఇదీ చేస్తుంది. తేడా అల్లా, బిందెలో ఎన్ని నీళ్లున్నాయో కొలిచి అంకె వేయదు, అంతే. ఆలస్యం పెంచాలంటే తాళం నెమ్మదించాలి. 4096 అంచెలతో 300 మిల్లీసెకండ్లు రావాలంటే క్లాక్ సెకనుకు సుమారు 6,800 సార్లు కొట్టుకోవాలి. అంత నెమ్మది తాళం మీద సుమారు 3,400 హెర్ట్జ్‌కి పైనున్న శబ్దమేదీ సరిగా ప్రయాణం చేయలేదు. చేయనిస్తే లేనిపోని గీరుడు శబ్దాలు పుడతాయి. అందుకని ముందే ఒక ఫిల్టరు పెట్టి పైస్థాయి శబ్దాలను కోసేస్తారు. మేం 'వెచ్చదనం' అని మురిసిపోయేది ఈ కోతనే. (శబ్దం గురించి రాసేవాళ్లకి వెచ్చన, చల్లన, పొడి, తడి అనే నాలుగు మాటలు దొరికితే చాలు, జీవితం గడిచిపోతుంది.) ఆ ఇంజనీర్లు మసకని కోరి చేయలేదు, గతిలేక భరించారు. డిజిటల్ చిప్పులు అందుబాటులోకి వచ్చాక క్రమంగా అటు మళ్లారు. 1984కల్లా డీఎం-2 తయారీ ఆగిపోయింది.

కాబట్టి సహజత్వం వాదన చెల్లదు. రెండో కారణం, పెద్దలు ఇలాగే వాయించారు అనేది. దీనికి కొంత చరిత్ర కావాలి.

మౌతార్గాన్‌కీ కృత్రిమమైన ప్రతిధ్వనికీ చుట్టరికం పెడళ్లు పుట్టకముందే కలిసింది. 1947లో షికాగోలో హార్మోనికాట్స్ అనే ముగ్గురు మౌతార్గాన్ వాద్యకారులు 'పెగ్ ఓ మై హార్ట్' అనే పాట రికార్డు చేశారు. బిల్ పట్నం అనే ఇంజనీరు స్టూడియో బాత్రూంలో ఒక స్పీకరు, ఒక మైకు పెట్టి, అక్కడ మోగిన శబ్దాన్ని తెచ్చి పాటలో కలిపాడు. లేని గదిని పాటలో పెట్టిన తొలి రికార్డుల్లో దాన్ని ముందు చెప్పుకుంటారు. బాత్రూంలో మన గొంతు మనకే ముద్దొస్తుందన్న సంగతి పట్నం కన్నా ముందు ప్రపంచంలో అందరికీ తెలుసు, అది వేరే విషయం.

ఇక లిటిల్ వాల్టర్. అసలు పేరు మారియన్ వాల్టర్ జేకబ్స్, పుట్టింది 1930లో, లూసియానాలో. షికాగోలో మడ్డీ వాటర్స్ బృందంలో ఎలక్ట్రిక్ గిటార్ల హోరు మధ్య అరచేయంత వాయిద్యంతో నిలబడాలి. చిన్న మైకుని మౌతార్గాన్‌తో కలిపి రెండు చేతుల్లో బిగించి, ఆంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి తోసి, శాక్సొఫోను లాంటి బరువైన శబ్దం రాబట్టాడు. ఆ రకం మైకులు సంగీతం కోసం చేసినవి కావు. అస్టాటిక్ జేటీ-30, షూర్ 520 లాంటివి మాట వినిపించడానికి, ప్రకటనలు చేయడానికి తయారైనవి. 1952 మేలో రికార్డు చేసిన 'జూక్' అనే వాయిద్యగీతం ఆ ఏడాది ఆర్ అండ్ బీ పట్టికలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది. వాల్టర్ 1968లో, 37 ఏళ్లకే, ఒక కొట్లాట తర్వాత చనిపోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు 2008లో గుర్తు తెచ్చుకున్నారు.

వాల్టర్ దగ్గర ఏ పెడలూ లేదు. రికార్డుల్లో వినిపించే ఎకో స్టూడియో పనితనం. బకెట్ బ్రిగేడ్ చిప్పు పుట్టేనాటికి ఆయన లేడు. కాబట్టి 'పెద్దల పద్ధతి' అని పెడల్ కొనడంలో కాలమే తప్పింది. కాలం తప్పడం పెద్ద నేరం కాదు. నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. ఆయనకు దొరికిన చవక మైకు ఇవాళ ఒక ఆరాధ్య వస్తువు. దాని లోపలి స్ఫటికం ఒక రకం ఉప్పుతో చేసింది, ఎండకీ తేమకీ చెడిపోతుంది. బతికున్న స్ఫటికం దొరికితే పండగ. ఒకరి అవసరం ఇంకొకరి అలంకారం అయిన చోట కాస్త సిగ్గు ఉండాలి కదా అనిపిస్తుంది.

హైదరాబాదులో పల్లెటూరి సెట్టింగు వేసిన రెస్టారెంట్లు చూసే ఉంటారు. మట్టి పూసినట్టు కనిపించే గోడలు, మూలన ఎడ్లబండి చక్రం, తల మీద లాంతరు. లాంతరులో ఎల్‌ఈడీ బల్బు. లాంతరు కింద చదువుకున్న తరం కరెంటు కోసం ఎంత ఎదురుచూసిందో ఆ బల్బుకి తెలియదు. అదే చోట రాగిసంకటి కూడా దొరుకుతుంది. రాయలసీమలో వరి అన్నం పండగనాటి తిండిగా ఉన్న రోజుల్లో అది రోజువారీ ముద్ద. ఇప్పుడది మెనూలో పెద్దక్షరాల్లో ఉంటుంది. పైకి రెండూ ఒకే కథలా కనిపిస్తాయి, లేమి ఫ్యాషనైపోయిన కథ. నాకు మాత్రం రెండూ ఒకటి కావు. లాంతరు అక్కడ ఏ పనీ చేయడం లేదు, లాంతరులా కనిపించడం తప్ప. సంకటి ఆకలి తీరుస్తోంది. ఎవరు ఏ ఇబ్బందిలో తిన్నా, గోంగూరతోనో నాటుకోడి పులుసుతోనో సంకటి బాగుంటుందన్నది నిజం. లేమి నుంచి పుట్టినంత మాత్రాన ఒక మంచి వస్తువు లేమితోనే పోనక్కర్లేదు. కాబట్టి పెడల్ విషయంలో అడగాల్సింది ఇది: మసక ఇక్కడ లాంతరా, సంకటా? అది ఏమైనా పని చేస్తోందా?

చేస్తోందనే నా వాదన. అది మౌతార్గాన్‌కే ప్రత్యేకమైన పని. గిటారు వాళ్ల సలహాలు చదివి పెడల్ కొనేవాళ్లకి ఇది తట్టదు.

మామూలు పది రంధ్రాల మౌతార్గాన్ తీసుకోండి, సి శ్రుతిది. దాని అట్టడుగు స్వరం సుమారు 262 హెర్ట్జ్, చిట్టచివరి స్వరం సుమారు 2,093. అంటే అన్ని స్వరాల మూలాలూ ఇందాకటి 3,400 హద్దుకి లోపలే ఉన్నాయి. అనలాగ్ డిలే కోసేసేది వాటి మీద పేరుకునే పదునుని. ఆ పదునులో ఏముంటుంది? రేకు చివర్న కరకర. నాలుక తగిలిన చప్పుడు. చేతుల గుప్పిట తెరుచుకున్నప్పటి గాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఊపిరి. హుస్సుమని పోయేదీ, సర్రున లోపలికి లాగేదీ. స్వరం ఉంటుంది, ఊపిరి పోతుంది.

ఇది ఎందుకు ముఖ్యమో వాయించేవాళ్లకి వెంటనే తెలుస్తుంది. నోటితో వాయించే వాటిలో వేణువు, శాక్సొఫోను, సన్నాయి, అన్నీ ఊదేవే. మౌతార్గాన్ ఊదినా పలుకుతుంది, పీల్చినా పలుకుతుంది. అందులోనూ బ్లూస్ శైలిలో పీల్చే స్వరాలదే పెత్తనం. వినేవాళ్లకి ఈ వివరం తెలియకపోవచ్చు కానీ చెవికి తెలుసు: ఎదురుగా ఒక మనిషి ఊపిరి తీస్తూ వదులుతూ ఉన్నాడు, ఆ ఊపిరే పాట. ఇప్పుడు శుభ్రమైన డిజిటల్ డిలే పెట్టి, దాని శబ్దం కాస్త పెంచి వాయించి చూడండి. నేను స్వరం పీలుస్తున్న క్షణంలోనే, ఇందాక నేను ఊదింది దాని గాలి చప్పుడుతో సహా మళ్లీ వస్తుంది. ఒకే నోరు ఒకే క్షణంలో ఊపిరి తీస్తోంది, వదులుతోంది. అలా ఎవరికీ సాధ్యం కాదు గనక చెవి ఇంకో నిర్ణయానికి వస్తుంది: పక్కన రెండో మనిషి వచ్చి నిలబడ్డాడు. మసకబారిన ప్రతిధ్వనిలో ఆ రెండో మనిషి ఉండడు. గోడ ఉంటుంది. స్వరాన్ని తిరిగిచ్చి, ఊపిరిని తనలో ఇంకించుకున్న గోడ.

ఎకో ఎలాగూ అబద్ధమే. పన్నెండడుగుల గదిలో కూర్చుని పెద్ద హాల్లో ఉన్నట్టు వినిపించడం కోసమే దాన్ని కొంటాం. లెక్క తేలికైనదే: శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, వెళ్లి రావాలి గనక 120 మిల్లీసెకండ్ల ఆలస్యం అంటే ఇరవై మీటర్ల దూరంలో ఒక గోడ. 300 అంటే యాభై మీటర్ల మీద. పెడల్ మీద గుండీ తిప్పడమంటే గోడని వెనక్కి జరపడం. ఈ అబద్ధం నాకు సమ్మతమే. చోటు గురించి చెప్పే అబద్ధం, నాటకంలో తెర మీద గీసిన కోట లాంటిది, ఎవరూ మోసపోరు. లేని మనిషిని పక్కన నిలబెట్టడం నాకు మింగుడుపడదు. ఒక్కడే వాయిస్తున్నాడనే నమ్మకం మీద నడిచే సంగీతంలో అది చేయకూడదని నా అభిప్రాయం. కొందరు లూపులు పెట్టుకుని తామే నలుగురై అద్భుతంగా వాయిస్తారు. అది బాహాటంగా జరిగే పని, దానితో నాకు తగవు లేదు.

ఇక్కడ నా స్నేహితుడు ఆగమంటాడు. "మసక కావాలి, అంతే కదా? అది చిప్పుదైతేనేం, కోడుదైతేనేం?" న్యాయమైన మాట. నేను చెప్పిన కారణం మసకకి వర్తిస్తుంది గానీ, మసక ఎక్కడ తయారైందన్న దానికి వర్తించదు. డిజిటల్ పెడల్ మీద పైస్థాయిని కోసే గుండీ ఉంటే, దాన్ని సరిగ్గా తిప్పితే, ఊపిరి అక్కడా పోతుంది. డబ్బులు తక్కువున్న కుర్రాడెవరైనా అడిగితే నేను అదే కొనుక్కోమంటాను.

అయినా నేను డబ్బావైపే ఉన్నాను. దీనికి కారణం శబ్దం కాదు, హద్దు. బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో 'ది గ్రాస్‌హాపర్' అనే చిన్న పుస్తకంలో ఆటని నిర్వచించాడు: అవసరం లేని అడ్డంకుల్ని మనంతట మనం ఒప్పుకుని దాటబోవడమే ఆట అని దాని సారం. మనకి ఈ సంగతి కంద పద్యం ఏనాడో నేర్పింది. ఇవాళ కందం రాయాల్సిన అవసరం ఎవరికీ లేదు. రాసేవాడు గణాలు, యతి, ప్రాస అనే సంకెళ్లు తెలిసి తొడుక్కుంటాడు. ఆ సంకెల వాడిచేత పని చేయిస్తుంది, అనుకున్న మాటని వదిలి అనుకోని మాట దగ్గరికి తోస్తుంది. కానీ మూడో పాదంలో ప్రాస కుదరక, అక్కడికి వచనం పెట్టేసుకునే వీలుంటే అది కందమూ కాదు, సంకెలా కాదు. ప్లగిన్‌తో నా ఇబ్బంది అదే. అందులో హద్దుని నేనే పెట్టాలి, నాకు తోచినప్పుడు నేనే తీసేయొచ్చు. 300 మిల్లీసెకండ్ల డబ్బా నాతో బేరానికి రాదు. వాయించడం ఆపితే క్షణంలో అదీ ఆగిపోతుంది. నేను ఊపిరి తీసుకుంటున్న ఖాళీని నింపిపెట్టదు. కాబట్టి ఆ ఖాళీని ఎంతసేపు ఉంచాలో నేనే తేల్చుకోవాలి. మౌతార్గాన్ వాయించేవాళ్లకి ఖాళీ అంటే మహా భయం, దొరికిన ప్రతి సందులోనూ ఒక రేకు కదిలిస్తాం.

ఇంతవరకూ మరపు పక్షాన మాట్లాడాను. అక్కడే ఆపేస్తే బాగుండేది, కానీ ఒక విషయం ఆపనివ్వడం లేదు.

మా అమ్మ ఫోన్లో మా పెద్దమావయ్య వాయిస్ మెసేజ్ ఒకటుంది. పదకొండు సెకన్లు. ఆవకాయ జాడీ ఖాళీ అయితే పంపించమని, అంతే. ఆయన పోయి రెండేళ్లయింది. అమ్మ దాన్ని వినదు, తుడిచేయనివ్వదు. ఫోను మారినప్పుడల్లా అది కొత్తదాంట్లోకి వచ్చిందో లేదో నాచేత చూపించుకుంటుంది. ఆ మెసేజ్ సంగతి అలా ఉంచి, పెళ్లిళ్లలో, తద్దినాల్లో నలుగురూ చేరినప్పుడు మావయ్య మాటల్ని మాత్రం ఆయన యాసలోనే చెప్పి నవ్విస్తుంది. గమనిస్తున్నాను, అమ్మ చెప్పే మావయ్య ఏటికేడు మెత్తబడుతున్నాడు. బిందె చేతులు మారినప్పుడల్లా కాస్త ఒలుకుతోంది. ఒలికిపోతోంది ఆయన పదును. బతికున్నప్పుడు ఆయన మాట కత్తిలా ఉండేది. అందరూ నవ్వుతుంటే అత్తయ్య వంటింట్లోకి వెళ్లిపోతుంది. ముప్పై ఏళ్లు ఆ పదునుని భరించిన మనిషికి ఈ వెచ్చని మావయ్య ఎవరో తెలియదు.

అంటే మసక అంత అమాయకమైనదేం కాదు. పైస్థాయి శబ్దాలతో పాటు ఎవరి నొప్పో కూడా కోతకి పోవచ్చు. షికాగో బ్లూస్‌ని మేం తలుచుకునే తీరులోనూ ఇదే జరుగుతుంది. పాత మైకులు, పాత ఆంప్లిఫయర్లు, పొగ నిండిన క్లబ్బులు, అన్నీ వెచ్చగా కనిపిస్తాయి. దక్షిణాది నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన నల్లవాళ్లని ఆ నగరం ఏయే వీధులకి పరిమితం చేసిందో, ముప్ఫై ఏడేళ్లకే చచ్చిపోయేలాంటి బతుకు ఎలా ఉంటుందో, అవి ఆ హద్దుకి పైన ఉండిపోతాయి.

అయితే పెడల్‌కీ జ్ఞాపకానికీ ఒక తేడా ఉంది. ఇది చాలా ఆలస్యంగా, వైరింగ్ బొమ్మ చూస్తున్నప్పుడు తట్టింది. పెడల్‌లోకి వెళ్లిన శబ్దం రెండుగా చీలుతుంది. ఒక పాయ బకెట్ల వరసలోకి పోతుంది. రెండోది వరసలోకి పోకుండా, ఊపిరితో, కరకరతో, ఉన్నదున్నట్టు తిన్నగా బయటికి వస్తుంది. ఈ తిన్నని పాయ పక్కనే వినిపిస్తూ ఉంటుంది గనకే మసకబారిన పాయ ఎంత మరిచిపోయినా ఎవరికీ అన్యాయం జరగదు. జ్ఞాపకంలో ఆ తిన్నని పాయ ఉండదు. మనిషి పోయాక మిగిలేది బకెట్ల వరస ఒక్కటే. బహుశా అందుకే అమ్మ ఆ పదకొండు సెకన్లని వినకపోయినా పోనివ్వడం లేదేమో. అత్తయ్యకి కూడా ఒక కాపీ కావాలేమో నేనెప్పుడూ అడగలేదు. అడగాలో లేదో కూడా తెలియదు.

బ్లూస్ విషయంలో మాత్రం ఏం చేయాలో తెలుసు. రికార్డులున్నాయి. డబ్బా కొనకముందు వాటిని వినాలి, కొన్న తర్వాత ఇంకా ఎక్కువ వినాలి.

చివరికి నేను కొన్నది డీఎం-2 పునరవతారం. బాస్ కంపెనీ 2014లో వాజా క్రాఫ్ట్ పేరుతో మళ్లీ తెచ్చిన డీఎం-2డబ్ల్యూ, ఇదీ పూర్తిగా బకెట్ బ్రిగేడ్ మీద నడిచేదే. దాని మీద ఒక చిన్న స్విచ్ ఉంది. 'ఎస్' వైపు పెడితే పాత 300 మిల్లీసెకండ్లు, పాత మసక. 'సి' వైపు పెడితే ఆలస్యం 800 దాకా పోతుంది, శబ్దమూ తేటగా ఉంటుంది. పాత ఇంజనీర్లు గతిలేక భరించినదీ, వాళ్లు కోరుకుని ఉండే మెరుగూ, రెండూ ఒకే డబ్బాలో. హద్దు బేరానికి రాదని ఇందాక అంత గట్టిగా చెప్పినవాడివి స్విచ్ ఉన్న పెడల్ ఎలా కొన్నావని నా స్నేహితుడు ఇంకా ఏడిపిస్తూనే ఉన్నాడు. స్విచ్ మార్చాలంటే వాయించడం ఆపి కిందికి వంగాలి, అది చాలు అంటాను. వాడు ఒప్పుకోడు. కందంలో మూడో పాదం దగ్గర కూడా కవి కలం ఆపి లేవొచ్చు కదా అంటాడు.

కొనేవాళ్ల కోసం నాలుగు మాటలు, వీటిలో తత్వం ఏమీ లేదు. మన పాత మైకులు ముఖ్యంగా స్ఫటికం రకంవి నేరుగా పెడల్‌కి తగిలిస్తే బొంగురు తగ్గి శబ్దం పీలగా వస్తుంది, పెడల్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ వాటికి చాలదు. మధ్యలో బఫర్ పెట్టుకోండి. మనం ఇష్టపడే పాత రకం ట్యూబ్ ఆంప్‌లకి వెనక ఎఫెక్ట్స్ లూప్ ఉండదు. ఎకో కూడా ఆంప్ ముందే చేరి మన స్వరంతో పాటే నలుగుతుంది. మన స్వరం ఆగగానే ఎకో మనం పెట్టిన దానికన్నా పెద్దగా ముందుకొస్తుంది. కాబట్టి సరిపోయిందనుకున్న చోటు నుంచి ఇంకొంచెం తగ్గించండి. పైగా మైకు మన చేతుల్లోనే ఉంటుంది, ఆంప్‌లోంచి వచ్చిన ఎకో తిరిగి అందులోకే దూరి కూత పెట్టేస్తుంది. ఆంప్‌కి ఎదురుగా నిలబడొద్దు. ఆలస్యం మరీ ముప్పై, నలభై మిల్లీసెకండ్ల లోపు పెడితే చెవి దాన్ని ఎకోగా గుర్తించదు. నేను 120 దగ్గర, రెండు తిరుగుళ్లకి మించకుండా ఉంచుతాను.

మొన్న రిహార్సల్ అయ్యాక మా డ్రమ్మరు తాళాలు సర్దుకుంటూ, "ఇవాళ పెడల్ తేలేదా అన్నా?" అని అడిగాడు. తెచ్చాను. రెండు గంటల నుంచీ ఆన్‌లోనే ఉంది.